జ్ఞాపకాల ప్రదర్శనలో చూసేవాళ్లకూ పని ఉండాలి

జ్ఞాపకం, పోగొట్టుకోవడం, అనుబంధం. పదిమంది కళాకారుల్ని ఒక హాల్లోకి చేర్చాలంటే ఇంత తేలిగ్గా దొరికే అంశం మరొకటి లేదు. ఈ మూడు మాటలు ఏ బొమ్మ పక్కన పెట్టినా అతుకుతాయి. ఎవరింట్లో మాత్రం పోయినవాళ్లు లేరు? ఇబ్బంది కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. అందరికీ సరిపోయే అంశం ఎవరినీ గట్టిగా పట్టుకోదు. గోడల నిండా పాత ఫొటోలు, పైనుంచి వేలాడే దారాలు, మూలన తుప్పు పట్టిన ట్రంకుపెట్టె, మసక వెలుతురు, ఎక్కడి నుంచో సన్నగా రేడియో గొంతు. వచ్చినవాళ్లు పావుగంటలో ఒక చుట్టు తిరిగి, బాగుందని పుస్తకంలో రాసి, సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. ఆ ప్రదర్శన చెన్నైలో జరిగినా బెర్లిన్‌లో జరిగినా తేడా తెలియదు.

తిరుపతిలోనో చిత్తూరులోనో ఇలాంటి సామూహిక ప్రదర్శన పెడితే ఏది నిలబడుతుంది, ఏది తేలిపోతుంది? సమకాలీన కళ చూడాలంటే ఇక్కడివాళ్లు చాలావరకు చెన్నైకో బెంగళూరుకో బస్సెక్కాల్సిందే. 1850లో మొదలైన మద్రాసు ఆర్ట్ స్కూలు, 1966లో కళాకారులే కలిసి ఏర్పాటు చేసుకున్న చోళమండలం గ్రామం, రెండూ ఆ వైపే ఉన్నాయి. గ్యాలరీలకు వెళ్లే అలవాటు ఇక్కడ తక్కువన్నది నిజమే. పోయినవాళ్లను పదిమందీ కూడి తలుచుకునే పద్ధతులకు మాత్రం ఈ నేలలో కొదవ లేదు. ఆ పద్ధతులన్నిటిలోనూ చూసేవాళ్లకు చేతినిండా పని ఉంటుంది. జ్ఞాపకాల మీద ప్రపంచంలో వచ్చిన కళలో బలంగా నిలిచినవాటిని చూసినా ఇదే కనిపిస్తుంది. బాధను బొమ్మ గీసి చూపించినంత మాత్రాన అది పదిమందిదీ అయిపోదు. వచ్చినవాళ్ల చేత ఏదో ఒకటి చేయించాలి: తీసుకోవడమో, తాకడమో, వెతుక్కోవడమో, కూడబలుక్కుని చదవడమో.

క్యూబాలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఫెలిక్స్ గొంజాలెజ్ టోరెస్ (1957–1996) 1991లో చేసిన ఒక కళాకృతిలో బొమ్మంటూ ఏమీ లేదు. రంగు కాగితాల్లో చుట్టిన తీపి బిళ్లలు గది మూలన కుప్పగా పోసి ఉంటాయి. కుప్పకు అనుకున్న బరువు 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. ఎయిడ్స్‌తో అదే ఏడాది చనిపోయిన అతని సహచరుడు రాస్ చిత్తరువు అది. వచ్చినవాళ్లు తలా ఒకటి తీసుకుని నోట్లో వేసుకోవచ్చు. కుప్ప తరిగిపోతుంటుంది, నిర్వాహకులు మళ్లీ తెచ్చి పోయవచ్చు. ఇందులో చూసేవాళ్లు ఊరికే నిలబడి లేరు. తీపి నాలుక మీద కరిగేలోపే ఆ మనిషిని కాస్త తగ్గించారు, కాస్త తమతో తీసుకెళ్లారు. ఎయిడ్స్ మీద ఎన్ని పోస్టర్లు చదివినా కలగని ఇరకాటం ఆ ఒక్క బిళ్లతో కలుగుతుంది.

ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ (1944–2021) మరో దారి పట్టాడు. 2010లో పారిస్‌లోని గ్రాండ్ పాలే అనే పెద్ద ప్రదర్శనశాలలో వాడేసిన బట్టల్ని నేలంతా పరిచి, మధ్యలో కొండంత పోగు పోసి, ఒక క్రేన్ వాటిని పిడికెడు పైకెత్తి మళ్లీ జారవిడిచేలా పెట్టాడు. చలికాలంలో ఆ హాలును వెచ్చబరచవద్దని అడిగింది కూడా అతనే. అదే ఏడాది జపాన్‌లోని తెషిమా దీవిలో గుండె చప్పుళ్ల భాండాగారం తెరిచాడు. వెళ్లినవాళ్లు తమ గుండె చప్పుడు రికార్డు చేసి అక్కడ వదిలి రావచ్చు, ఇతరులది వినవచ్చు. ఎప్పుడో ఒకనాటికి ఆ చప్పుళ్లలో ఎక్కువ భాగం చనిపోయినవాళ్లవే అవుతాయి. రెండింట్లోనూ ఒక పద్ధతి ఉంది. ఒకచోట చలిని ఓర్చుకుంటూ నడవాలి, రెండోచోట మనది కొంత ఇచ్చి రావాలి.

ఇవ్వడం, తీసుకోవడం అన్నవి తిరుపతి వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్లకు తెలుసు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇలా రోజుకో వేషం వేసుకుని ఊరు ఊరంతా వీధుల్లోకి వస్తుంది. ఆడవాళ్లను చెరిచిన పాలెగాడిని వేషాలు మార్చి వెతికి చంపిన అమ్మవారి కథను జనం తమ ఒంటి మీద వేసుకుని తిరుగుతారు. చివర గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. తెల్లవారేలోపు ఆ విశ్వరూపం చెంప నరుకుతారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, ఇళ్లకు తీసుకెళ్తారు. అంత శ్రమపడి చేసిన రూపం ఒక్క రాత్రి కోసమే. అది ముక్కలై వందల ఇళ్లకు చేరుతుంది.

చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే 18 రోజుల భారతంలోనూ ఇంతే. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు రోజున వేషధారి మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతుంటే, బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు కింద తడిబట్టలతో సాగిలపడతారు. ఆఖరి రోజు నేల మీద భారీ మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. వధ పూర్తయ్యేదాకా ద్రౌపది జుట్టు ముడి వేసుకోదు. ఆ మైదానంలో వీళ్లు నటులు, వాళ్లు ప్రేక్షకులు అనే గీత ఎక్కడా కనబడదు. ఎప్పటిదో కురుక్షేత్రం చావు ఆ పూట ఊరి చావవుతుంది.

అంతమాత్రాన గంగమ్మ మట్టినో దుర్యోధనుడి మట్టినో తెచ్చి గాజు పెట్టెలో పెట్టి, కింద చీటీ అంటిస్తే సమకాలీన కళ అయిపోదు. అది మొక్కు, నమ్మకం. దాన్ని హాల్లోకి లాక్కొస్తే అక్కడి బలం పోతుంది, ఇక్కడ కొత్త బలమూ రాదు. కళాకారులు అప్పు తెచ్చుకోవాల్సింది ఆ మట్టిని కాదు, ఆ ఏర్పాటును: చేయడం, చెరపడం, పంచడం, మళ్లీ ఏడాదికి మొదటి నుంచి చేయడం. ప్రదర్శన చివరి రోజున తానే పగలగొట్టి పంచేలా పచ్చి మట్టితో పని చేసే కళాకారిణి ఒకరుంటే, ఆమె చెప్పేది ఇక్కడి జనానికి ఒక్క ముక్క వివరణ లేకుండా అర్థమవుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే వీరగల్లులు, అంటే పోరులో చచ్చినవాళ్ల గుర్తుగా నాటిన రాళ్లు, కనిపిస్తాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, ముఖ్యంగా పడమటి మండలాల్లో, బాణులు, వైదుంబులు, నొళంబులు అనే రాజవంశాల కాలం నాటి వీరగల్లులు పొలం గట్ల మీద, చెట్ల కింద ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పశువుల్ని తోలుకుపోయిన దొంగలతో పోరాడి చచ్చినవాడు, పక్క ఊరితో జరిగిన గొడవలో పడిపోయినవాడు. రాయి మీద ఆ మనిషి కత్తో విల్లో పట్టుకుని ఉంటాడు. పైన అప్సరసలు అతన్ని స్వర్గానికి తీసుకెళ్తుంటారు. కొన్నిటి మీద పాత తెలుగులో రెండు మూడు పంక్తులు ఉంటాయి: ఎవరి ఏలుబడిలో, ఎవరి కొడుకు, ఎందుకు పోయాడు. అంతే. రాజుల ప్రశస్తులంత పొడవు ఉండవు. చరిత్రలో మరెక్కడా పేరు లేని మామూలు మనిషి ఆ రెండు పంక్తుల్లో వెయ్యేళ్లుగా ఉన్నాడు. అక్షరాలు చదవలేని ఊరివాళ్లు కూడా పసుపు కుంకుమ పెట్టి ఆ రాయిని కాపాడారు.

వీరగల్లు నేర్పేది ఏమిటంటే, పేరు ఉండాలి. పోయినవాడు ఎవరో, ఎందుకు పోయాడో ఉండాలి. మాయా లిన్ రూపకల్పనతో అమెరికాలో 1982లో కట్టిన వియత్నాం యుద్ధ స్మారకం నల్ల గ్రానైటు గోడ మీద 58 వేలకు పైగా పేర్లు తప్ప విగ్రహాలూ వీరోచిత దృశ్యాలూ లేకుండా నిలబడింది. జనం అక్కడికి వెళ్లి తమవాళ్ల పేరు వెతుక్కుంటారు, కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది పేరు అచ్చు తీసుకుని వెళ్తారు. వెతకడం, వేలితో తాకడం, అచ్చు తీసుకోవడం, ఆ గోడ దగ్గర దుఃఖానికి ఇవే పనులు. జ్ఞాపకాల మీద చేసే సామూహిక ప్రదర్శనలు తరచూ తేలిపోయేది ఇక్కడే. ‘మానవ విషాదం’ అన్నంత పెద్ద మాట గోడ మీద ఉంటుంది. ఎవరి విషాదం అని అడిగితే జవాబు ఉండదు.

పేరును తాకి చదివే అలవాటు మన వంటింట్లోనే ఉంది. పెద్దకర్మ రోజున బంధువులకు స్టీలు గిన్నెలు, డబ్బాలు, పళ్లేలు పంచుతారు. వాటి మీద పోయినవారి పేరు, తేదీ, ఫలానావారి జ్ఞాపకార్థం అని చెక్కించి ఉంటుంది. ఆ అక్షరాలు గీతలు కావు, వరసగా కొట్టిన చుక్కలు. గిన్నెల కొట్టులో కుర్రాడు కరెంటు పెన్ను లాంటి మిషనుతో టకటకా కొడుతూ నిమిషంలో పేరు పూర్తి చేస్తాడు. ఇరవై ఏళ్లు తోమాక చుక్కలు అరిగిపోతాయి. ముందు ఒత్తులు పోతాయి, తర్వాత తలకట్లు, చివరికి ఇంటిపేరు మాత్రం మిగులుతుంది. కంటికి అందని అక్షరం వేలికి తగులుతుంది. ఆ గిన్నెలో పోపు పెడుతున్నవాళ్లు ఆ పేరున్న మనిషిని ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. ఇంత విలువైన జ్ఞాపకాల భాండాగారం ప్రతి అటక మీదా ఉండగా, కళాకారులు పాత టైప్‌రైటర్ల కోసం, గ్రామఫోను పెట్టెల కోసం వెతకడం బాధ కలిగిస్తుంది. ఊరివాళ్లను తలా ఒక గిన్నె తెమ్మని, మూడొందల గిన్నెలు ఒక పొడవాటి బల్ల మీద బోర్లించి, లైటు తగ్గించి, వేలితో చదవమని చెబితే చాలు. ఆ గది దాటడానికి ఎవరికీ పావుగంట సరిపోదు.

వస్తువును ఎంచుకోవడంలో తిరుపతికి ఉన్న మరో పెద్ద ఆస్తి తలనీలాలు. కర్ణాటకకు చెందిన షీలా గౌడ 2009లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో పెట్టిన ‘బిహోల్డ్’ అనే కళాకృతి ఈ ఊరివాళ్లు తప్పక తెలుసుకోవాల్సినది. మనిషి వెంట్రుకలతో పేనిన తాడు, సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవు. దానికి కార్ల స్టీలు బంపర్లు వేలాడుతుంటాయి. బండికి దిష్టి తగలకుండా బంపరుకు వెంట్రుకల తాడు చుట్టే అలవాటు నుంచి ఆ ఆలోచన పుట్టింది. ఆ జుట్టు గుళ్లలో మొక్కుగా ఇచ్చిన జుట్టు. తిరుమల కల్యాణకట్టలో రోజూ వేలమంది తల వంచి ఇచ్చేది అదే. పిల్లవాడికి జ్వరం తగ్గిందనో, పరీక్ష పాసయ్యాడనో, ఆపరేషను గట్టెక్కిందనో మొక్కు తీర్చుకుంటారు. ప్రతి పోగు వెనకా ఒక టెన్షన్, ఒక భయం ఉంది. తాడులో అవన్నీ ఒకదానికొకటి పెనవేసుకుంటాయి, ఎవరిది ఏదో తేల్చలేరు. బరువైన ఇనుమును మోస్తున్నది మొక్కుకున్నవాళ్ల జుట్టు. అనుబంధం గురించి ఇంత సూటిగా చెప్పిన కళాకృతి ఈ కాలంలో అరుదు. పక్కన అరపేజీ వివరణ లేకపోయినా ఇక్కడి మనిషికి తాడు చూడగానే తెలుస్తుంది.

మన దేశంలోనే మరో ఇద్దరి పద్ధతి చూడాలి. చిట్టగాంగ్‌లో పుట్టిన సోమ్‌నాథ్ హోర్ (1921–2006) 1943 బెంగాల్ కరువును కళ్లారా చూశాడు. 1970ల నాటి ‘గాయాలు’ వరసలో అతను కరువు మనుషుల్ని గీయలేదు. తడి కాగితపు గుజ్జును అచ్చు పోసి, తెల్లటి కాగితం మీద తెల్లటి చీరికలు మాత్రం మిగిల్చాడు. ఎదురుగా నిలబడితే ఏమీ కనబడదు. పక్కకు జరిగి, వెలుతురు వాలుగా పడే చోట వంగి చూస్తే కాగితం ఒళ్లు చీలి ఉంటుంది.

అలీగఢ్‌లో పుట్టిన జరీనా (1937–2020) కుటుంబం దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లిపోయింది, ఆమె జీవితం దేశదేశాల్లో గడిచింది. అక్క రాణి ఆమెకు ఉర్దూలో ఉత్తరాలు రాసింది కానీ పోస్టు చేయలేదు. అమ్మానాన్నల చావు, ఇల్లు అమ్మేయడం, దూరంగా ఉన్న చెల్లెలి మీద బెంగ. చాలాకాలానికి ఆ ఉత్తరాలు చేతికి వచ్చాక, 2004లో జరీనా అక్క చేతిరాతను అచ్చువేసి, దాని మీద ఇళ్ల నక్షాలు, ఊళ్ల గీతలు ముద్రించింది. ఉర్దూ రానివాళ్లకు ఆ ఉత్తరం చదవడం రాదు. అది ఉత్తరమని, ఎవరో ఎవరికో రాశారని మాత్రం తెలుస్తుంది. గల్ఫ్‌కో అమెరికాకో పిల్లల్ని పంపి ఇంట్లో ఇద్దరే మిగిలిన ముసలివాళ్లకు అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

సామూహిక ప్రదర్శన కష్టం కూడా ఇక్కడే. హోర్ తెల్ల కాగితం పక్క గదిలో ఎవరిదో వీడియో పెద్ద గొంతుతో ఏడుస్తుంటే ఆ కాగితాన్ని వంగి చూసే ఓపిక ఎవరికీ మిగలదు. విడివిడిగా బాగున్న పది కళాకృతులు కలిస్తే మంచి ప్రదర్శన అవుతుందన్న హామీ లేదు. ఏది దేని పక్కన ఉంది, ఒకటి చూశాక రెండోదానికి ఎన్ని అడుగులు నడవాలి, మధ్యలో కూర్చునే చోటు ఉందా అన్నవే సగం పని చేస్తాయి. జరీనా లాంటి ఉత్తరాల ముద్రణల తర్వాత స్టీలు గిన్నెల బల్ల వస్తే, చేతిరాత నుంచి చెక్కుడు రాతకు కన్ను తనంతట తానే వెళ్తుంది. గిన్నెల తర్వాత వీరగల్లు అచ్చులు వస్తే చూసేవాళ్లు వెయ్యేళ్లు వెనక్కి నడుస్తారు. నిర్వాహకుడు చేయాల్సింది ఈ నడకను కట్టడం. పేర్ల జాబితా పెంచుకోవడానికి ఇరవైమందిని పిలవడం కంటే ఏడుగురితో ఆగిపోవడం మేలు.

శ్రీకాళహస్తి కలంకారీని ఇలాంటి ప్రదర్శనల్లో తెర గుడ్డలాగా వెనక వేలాడదీయడం ఆ కళకు అన్యాయం. 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి ఆగిపోబోతున్న పనిని నిలబెట్టారు. ఆ కళ పని తీరులోనే జ్ఞాపకానికి పనికొచ్చే గుణం ఒకటుంది. గుడ్డకు ముందు కరక్కాయ, పాలు పట్టిస్తారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన కషాయంలో కలం ముంచి గీస్తారు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలాకే ఆ నీళ్లు నల్లటి గీతవుతాయి. ఎరుపు ఇంకా ఆలస్యం. ముందు పటిక నీళ్లతో దిద్దాలి. ఆ దిద్దింది కంటికి పెద్దగా ఆనదు. తర్వాత రంగు చెక్కతో ఉడకబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట్ల కడిగితే పోతుంది. అంటే ఎరుపు దిద్దినప్పుడు ఆ ఎరుపు కనిపించదు. ఈ పద్ధతి తెలిసిన పనివాళ్లతో కూర్చుని, ప్రదర్శన మొదటి రోజు ఖాళీగా కనిపించే గుడ్డ మీద ఊరివాళ్లు చెప్పిన పేర్లు పటికతో రాసి, వారం తర్వాత అందరి ముందూ కాగులో ఉడికించే పని చేయవచ్చు. అందులో చేతిపనివాళ్లు, సమకాలీన కళాకారులు సరిసమానంగా ఉండాలి. గోడ మీద పేర్లు వేసేటప్పుడు కలం పట్టినవాళ్ల పేరు మింగేయడం ఈ రంగంలో పాతుకుపోయిన దురలవాటు.

ఏ జ్ఞాపకాలు అన్న ప్రశ్నకు జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు. 2020, 2021లో కరోనాతో పోయినవాళ్ల ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. కడచూపు లేదు, పాడె మోసే నలుగురు లేరు, పెద్దకర్మకు బంధువులు రాలేదు. చేయాల్సిన పనులు చేయలేకపోవడమే ఆ చావుల్లో ప్రత్యేకమైన కోత. అందుకే ఇక్కడి ప్రదర్శనలో చూసేవాళ్లకు పని ఉండాలన్న మాటకు అంత బరువు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి వెళ్లారు. ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడు ముందు పాడయ్యేవి కాగితాలు: పెళ్లి ఫొటోలు, పట్టాదారు పుస్తకాలు, మార్కుల షీట్లు. నీళ్లు తాగి రంగు కారి ఒకదానికొకటి అంటుకుపోయిన ఫొటోల కట్టను విడదీయకుండా అలాగే పెట్టడం మంచిది. లోపల ఎవరున్నారో ఆ ఇంటివాళ్లు చెప్పిన మాటలు పక్కన రాసి పెడితే సరిపోతుంది.

అయితే వేరేవాళ్ల దుఃఖంతో పని చేసేటప్పుడు హద్దు తెలియాలి. కొలంబియాకు చెందిన డోరిస్ సాల్సెడో, కనబడకుండా పోయిన ఆడవాళ్ల చెప్పుల్ని గోడలో గూళ్లు కట్టి పెట్టింది. వాటి మీద పల్చటి పశువు పొరను శస్త్రచికిత్స దారంతో కుట్టింది. చెప్పులు మసకగా కనిపిస్తాయి, పూర్తిగా అందవు. చూసేవాళ్లకు ఎంత దూరం హక్కు ఉందో ఆ పొరే చెబుతుంది. బొంబాయి అల్లర్లలో వీధిలో చచ్చి పడిన మనిషి పత్రికా ఫొటోను తీసుకుని వివాన్ సుందరం 1993లో చేసిన ‘మెమోరియల్’లోనూ ఆ జాగ్రత్త ఉంది. ఫొటోలోని శవానికి ఇనుప మేకులతో ముసుగు కప్పాడు, అంత్యక్రియలు జరగని మనిషికి సమాధి కట్టాడు. ఏడుస్తున్న తల్లి ముఖాన్ని పదడుగుల ప్రింటు తీసి గోడకు కొట్టడం తేలిక. ఆమెను అడిగారా, ఆమె వచ్చి ఆ గోడ ముందు నిలబడగలదా అన్నది ముందు తేల్చుకోవాలి.

భాష సంగతి చివర్లో చెప్పుకున్నా చిన్నది కాదు. గోడల మీద వివరణ ముందు తెలుగులో ఉండాలి. ఇంగ్లిషులో రాసి అనువదించిన తెలుగు వద్దు, మనిషి మనిషితో మాట్లాడే తెలుగు కావాలి. చిత్తూరు వైపు అరవం మాట్లాడే ఇళ్లు ఎక్కువ, తిరుపతికి వచ్చే యాత్రికుల్లోనూ తమిళులు చాలామంది. కాబట్టి అరవంలోనూ ఉండాలి. ప్రతి కళాకృతి పక్కనా నాలుగు వాక్యాలు మించకూడదు: ఇది దేనితో చేశారు, ఎవరి గురించి, మీరు ఏం చేయవచ్చు. తాకవచ్చా లేదా అన్నది స్పష్టంగా రాయాలి, మన జనం గద్దింపులకు అలవాటుపడి చేతులు కట్టుకుని తిరుగుతారు. హాల్లో చదువుకునే పిల్లలను వాలంటీర్లుగా పెడితే మంచిదే. వాళ్లకు కాపలా పని అప్పగించకుండా వచ్చినవాళ్లతో మాట్లాడే పని ఇవ్వాలి. తిరుపతిలోని శిల్ప శిక్షణ సంస్థలో రాయి, చెక్క, లోహం, కలంకారీ నేర్చుకుంటున్నవాళ్లు ఈ పనికి బాగా సరిపోతారు. వస్తువు ఎలా తయారైందో వాళ్లు చేత్తో చూపించగలరు.

చోటు విషయంలో పట్టుదల అక్కర్లేదు. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే స్కూలు, ముహూర్తాలు లేని మూఢాల్లో తలుపు వేసి ఉండే కల్యాణ మండపం, ఏదైనా సరిపోతుంది. వెలుతురు, గాలి, కూర్చోవడానికి బల్లలు, తాగడానికి నీళ్లు ఉంటే చాలు. వస్తువులు ఇచ్చినవాళ్లకు రసీదు ఇవ్వాలి. ఏ వస్తువు, ఏ స్థితిలో, ఏ తేదీన తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇస్తారో అందులో ఉండాలి. ప్రదర్శన ముగిసిన వారంలోపు గిన్నె ఆ ఇంటి అటక మీదకి, ఫొటో ఆ గోడ మీదకి నిర్వాహకులే చేర్చాలి, ఎవరి వస్తువు కోసం వాళ్లు వచ్చి వరసలో నిలబడే పరిస్థితి రాకూడదు. ఇచ్చినవాళ్లు వద్దంటే వాళ్ల పేరు గోడ మీద వేయకూడదు, వస్తువు ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు. ఆ మాట కూడా రసీదు మీదే అచ్చువేయాలి.